ఓడకి కౌండిన్యుడి పేరు, బొమ్మేమో దాసి కొడుకు కథలోది

2025 మే 21న కర్ణాటకలోని కార్వార్ స్థావరంలో భారత నౌకాదళం ఒక వింత ఓడని తనలో చేర్చుకుంది. దానికి ఇంజను లేదు. పలకల్ని పట్టి ఉంచడానికి మేకులు లేవు. కొబ్బరి పీచు తాడుతో పలకకి పలకని కుట్టి కట్టారు. కట్టింది కేరళ పనివాళ్లు. వాళ్లకి పెద్ద పనివాడు బాబు శంకరన్. అజంతా గుహల్లోని ఐదో శతాబ్దపు చిత్రాన్ని చూసి ఈ నమూనా తయారు చేశామని ప్రభుత్వం చెప్పింది. ఓడకి పెట్టిన పేరు ఐఎన్‌ఎస్‌వి కౌండిన్య.

ఎవరీ కౌండిన్యుడు? ఇప్పటి కంబోడియా, దక్షిణ వియత్నాం ప్రాంతాల్లో పూర్వం ఫునాన్ అనే రాజ్యం ఉండేది. సముద్రం మీద వచ్చిన ఒక పరదేశి అక్కడి రాణిని గెలిచి, పెళ్లాడి, రాజయ్యాడని చైనా వాళ్ల రాతలు చెబుతాయి. తర్వాతి కాలంలో ఆ పరదేశి బ్రాహ్మణుడయ్యాడు. వియత్నాంలోని మీసన్‌లో దొరికిన ఏడో శతాబ్దపు శాసనంలో అతను ద్రోణుడి కొడుకు అశ్వత్థామ దగ్గర ఈటె పుచ్చుకున్న కౌండిన్యుడు. అంటే మన ఓడకి పెట్టింది ఒక పురాణ బ్రాహ్మణుడి పేరు. సరే, కథలకేం, ఎవరి కథ వాళ్లది. నా పేచీ ఆ బొమ్మతోనే.

అజంతాలో ఓడ బొమ్మ అనగానే పండితులు ముందుగా చూపేది రెండో గుహలోని చిత్రం. మూడు తెరచాప కొయ్యలు, వెనక నీళ్ల కుండల వరస, పక్కన చుక్కాని తెడ్లు. అది ఉత్త అలంకారం కాదు, ఒక కథలో భాగం. ఆ కథ పేరు పూర్ణావదానం, 'దివ్యావదానం' అనే బౌద్ధ గ్రంథంలో ఉంది. చెబుతాను, వినండి.

శూర్పారకంలో, అంటే ఇప్పటి ముంబయి పక్కనున్న నాలాసోపారాలో, భవుడనే పెద్ద వర్తకుడు ఉండేవాడు. ముగ్గురు కొడుకులు. అతను జబ్బుపడి నోటి దురుసు ఎక్కువైతే పెళ్లాం, కొడుకులు వదిలేశారు. ఇంట్లో దాసి ఒక్కతే దగ్గరుండి సేవ చేసి బతికించింది. కోలుకున్నాక ఏం కావాలో కోరుకోమన్నాడు యజమాని. తనకి బిడ్డనిమ్మని అడిగింది దాసి. డబ్బిచ్చి నీకు విముక్తి ఇస్తాను కదా, అదెందుకన్నాడు. ఎక్కడికెళ్లినా నేను దాసినే అవుతాను, నీ బిడ్డని కంటే కానన్నది ఆమె వాదం. అలా పుట్టినవాడు పూర్ణుడు. తండ్రి పోయాక ఆస్తి పంచుకునేటప్పుడు దాసి కొడుక్కి వాటా ఏమిటన్నారు అన్నలు. అక్కడితో ఆగలేదు. ఇల్లు, పొలం ఒక వాటా. దుకాణం, విదేశీ సరుకు ఒక వాటా. పూర్ణుడు ఇంకో వాటా! మనిషినే ఆస్తి కింద లెక్కేశారు. పెద్దన్న భవిలుడు ఒక్కడే మంచివాడు, తన వాటాగా పూర్ణుడిని తీసుకుని బయటికొచ్చాడు. ఆ పూర్ణుడే చందనం బేరంతో ఎదిగి, వర్తకులకి పెద్దయి, ఆరుసార్లు సముద్రం మీద వెళ్లి క్షేమంగా తిరిగొచ్చాడు. ఏడోసారి ఓడలో తోటి వర్తకులు బుద్ధవచనాలు వల్లిస్తుంటే విని, వెళ్లి భిక్షువయ్యాడు. తర్వాత అన్న ఓడ తుఫానులో చిక్కుకుంటే కాపాడింది కూడా అతనే. అజంతా గోడ మీద కనిపించేది ఆ ఓడ.

ఇది చరిత్రా అంటే కాదు, కథే. కౌండిన్యుడిదీ కథే. రెండు కథలు ఎదురుగా ఉన్నప్పుడు రాజ్యం ఏ కథకి పేరిచ్చింది, దేన్ని నమూనాకి మాత్రమే వాడుకుంది అన్నది మనం అడగాల్సిన ప్రశ్న. సముద్ర వారసత్వం గురించి ఈ మధ్య చాలా మాట్లాడుతున్నారు. లోథల్‌లో పెద్ద మ్యూజియం కడుతున్నారు. ఆ వారసత్వం ఎవరిది, దాన్ని మోసిన చేతులు ఎవరివి అని అడక్కపోతే రేపటి పాఠ్యపుస్తకంలో దాసి కొడుకు ఉండడు, కౌండిన్యుడు మాత్రం ఉంటాడు.

సముద్రం దాటితే ఏమవుతుంది?

శాస్త్రాలు ఏం చెప్పాయో ముందు చూద్దాం. బౌధాయన ధర్మసూత్రం మొదట్లోనే దక్షిణాదివాళ్లకి ఐదు, ఉత్తరాదివాళ్లకి ఐదు వింత అలవాట్లున్నాయని జాబితా ఇస్తుంది. మనవైపు జాబితాలో మేనరికం ఉంది. ఉత్తరాది జాబితాలో ఉన్ని అమ్మకం, మద్యం తాగడం, ఆయుధాల వ్యాపారంతో పాటు సముద్రయానం ఉంది. అదే గ్రంథం మరోచోట మనిషిని పతితుణ్ణి చేసే పనులు లెక్కపెడుతూ సముద్రయానంతోనే మొదలెడుతుంది. ప్రాయశ్చిత్తం మూడేళ్లు. నాలుగు పూటలకి ఒకసారి తింటూ, పగలంతా నిలబడి, రాత్రంతా కూర్చుని గడపాలి. మనుస్మృతి మూడో అధ్యాయంలో శ్రాద్ధానికి పిలవకూడని బ్రాహ్మణుల జాబితా ఉంది. అందులో ఇళ్లు తగలబెట్టినవాడు, విషం పెట్టినవాడు ఉన్న శ్లోకంలోనే సముద్రం మీద వెళ్లినవాడూ ఉన్నాడు. గానుగవాడు కూడా అక్కడే. నూనె తీసేవాడిని విషం పెట్టేవాడి పక్కన కూర్చోబెట్టిన బుర్ర గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ నిషేధాలు చూసి బ్రాహ్మణులెవరూ ఓడ ఎక్కలేదని మన మిత్రులు కొందరు రాసేస్తుంటారు. అది తప్పు. ఎవరూ చేయని పనిని నిషేధించాల్సిన అవసరమే ఉండదు. బోర్నియో ద్వీపంలోని కుతాయ్‌లో సుమారు క్రీ.శ. 400 నాటి రాతి స్తంభాల మీద మూలవర్మ అనే రాజు బ్రాహ్మణులకి చేసిన దానాలు చెక్కి ఉన్నాయి. వాళ్లు నడిచి వెళ్లలేదు కదా. అదే మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలో ఓడ కిరాయిల గురించి, సముద్ర వర్తకానికి ఇచ్చే అప్పు మీద వడ్డీ గురించి చెబుతుంది. డబ్బు రావాలి, తెచ్చినవాడు మాత్రం పంక్తిలో కూర్చోకూడదు. కులవ్యవస్థ పని చేసే తీరే ఇది. చెప్పు కావాలి, కుట్టినవాడు వాకిట్లోకి రాకూడదు. పంట కావాలి, కోసినవాడు బావి ముట్టకూడదు. సముద్రం ఇందుకు మినహాయింపు కాదు.

ఈ భయం పందొమ్మిదో శతాబ్దం చివరిదాకా పోలేదు. 1888లో గాంధీ లండన్‌కి బయల్దేరితే బొంబాయిలోని ఆయన మోఢ్ బనియా కులపెద్దలు సభ పెట్టి వెలివేశారు. సాగనంపడానికి రేవుకి వెళ్లినవాళ్లకి రూపాయి నాలుగణాల జరిమానా అన్నారు. పాతికేళ్ల తర్వాత, 1913లో, బరోడా సంస్థానం ఇచ్చిన విద్యార్థి వేతనంతో అంబేద్కర్ బొంబాయి నుంచి న్యూయార్క్‌కి ప్రయాణమయ్యాడు. ఆయన్ని వెలివేయడానికి ఏ కులపెద్దలూ కూర్చోనక్కర్లేదు. పుట్టుకతోనే ఆ పని అయిపోయింది.

బౌద్ధులకి ఈ పట్టింపు లేదు. జాతక కథల నిండా ఓడలే. భరుకచ్ఛం నుంచి బయల్దేరిన ఓడని నడిపిన గుడ్డి నావికుడు సుప్పారకుడి కథ వాటిలో ఒకటి. సముద్రం మధ్యలో ఒడ్డు ఎటుందో తెలుసుకోవడానికి వర్తకులు పక్షిని వదిలే సంగతి దీఘనికాయంలో ఒక ఉపమానంగా వస్తుంది. ఉపమానంగా వాడారంటే వినేవాళ్లకి అది రోజూ తెలిసిన విషయమన్నమాట.

ఘంటసాలలో ఒక మహానావికుడు

మన తీరానికి వద్దాం. కృష్ణా జిల్లా ఘంటసాల ఇప్పుడు ఒక మామూలు ఊరు. రెండో శతాబ్దంలో టాలెమీ తన భూగోళ గ్రంథంలో కొంటకోస్సిల అని రాసిన వర్తక పట్టణం ఇదే. శాసనాల్లో కంటకసేల. అంతకు కొంచెం ముందు రాసిన 'పెరిప్లస్' అనే గ్రీకు పుస్తకం ఈ తీరాన్ని మసాలియా అని పిలిచి, ఇక్కడ సన్నబట్ట విస్తారంగా తయారవుతుందని చెబుతుంది. ఘంటసాల ప్రాకృత శాసనాల్లో ఒకదాంట్లో శివకుడనే మహానావికుడి పేరుంది. రాజు పేరు కాదు, పూజారి పేరు కాదు, ఓడ నడిపినవాడి పేరు బౌద్ధ క్షేత్రంలో రాతి మీదికెక్కింది. వర్ణం ఏమిటో రాయలేదు. రాయాల్సిన అవసరం ఆ చోట లేదు.

నాగార్జునకొండలో మూడో శతాబ్దపు శాసనం ఇంకా విలువైనది. అది బోధిసిరి అనే ఉపాసిక వేయించింది. తాను కట్టించిన వాటిని ఒక్కొక్కటే చెబుతుంది. కంటకసేల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర కట్టించిన రాతి మండపం అందులో ఒకటి. ఆమె తన దానాన్ని తామ్రపర్ణి ద్వీపం నుంచి వచ్చిన భిక్షువులకి అంకితం చేసింది. తామ్రపర్ణి అంటే సింహళం. ఆ భిక్షువులు ధర్మం చెప్పిన దేశాల జాబితాలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, దమిళ అన్నీ వస్తాయి. ఒక ఆడమనిషి సొంత డబ్బుతో, రేవుకీ కొండకీ మధ్య, సముద్రం అవతలి వాళ్ల కోసం కట్టడాలు కట్టించి తన పేరు చెక్కించుకుంది. ఈ శాసనాన్ని ఎం.ఏ. మొదటి ఏడాదిలో చదివాను. అప్పటిదాకా మన దేశ చరిత్రలో ఆడవాళ్లంటే రాణులో, సతులో అనుకున్నదాన్ని.

శాతవాహనుల ఓడ నాణేలు అందరికీ తెలుసు. రెండు తెరచాప కొయ్యల ఓడ, రెండో శతాబ్దం చివర యజ్ఞశ్రీ శాతకర్ణి కాలం నాటివి, కోరమాండల్ తీరంలో దొరికాయి. వీటిని చూపించి 'ప్రాచీన హిందూ నౌకాశక్తి' అంటుంటారు. అదే వంశంలో గౌతమీపుత్ర శాతకర్ణిని అతని తల్లి బలశ్రీ నాసిక్ శాసనంలో ఏకబ్రాహ్మణుడని, నాలుగు వర్ణాల సంకరాన్ని ఆపినవాడని పొగిడింది. ఆ శాసనం చెక్కించిన చోటు మళ్లీ బౌద్ధ భిక్షువుల గుహ! వర్ణసంకరం ఆపామని చెప్పుకునే రాజులకి కూడా నాణెం మీద ఓడ బొమ్మ వేయక తప్పలేదు, భిక్షువులకి గుహ తొలిపించక తప్పలేదు. సుంకం ఎక్కడి నుంచి వస్తుందో వాళ్లకి తెలుసు.

వెయ్యేళ్లు దాటి మోటుపల్లికి వస్తే అదే లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఈ రేవులో కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. అంతకుముందు ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా రాజులు లాగేసుకునేవాళ్లు. ప్రాణం కంటే ధనం తీపి కనుక ఇంత సాహసం చేసి వచ్చినవాళ్ల దగ్గర నిర్ణయించిన సుంకం తప్ప ఏదీ తీసుకోమని ఈ రాజు మాటిచ్చాడు. సుంకం ముప్ఫయ్యో వంతు. కర్పూరం, చందనం, ముత్యాలు, పట్టు లాంటి వాటికి విడిగా రేట్లు చెక్కించాడు. ఇది నిజంగా గొప్ప శాసనం, ఒప్పుకుందాం. కానీ ఇందులో భద్రత వర్తకుడికి, సరుకుకి. ఓడలో నీళ్లు తోడిపోసినవాడి గురించి, ఒడ్డున మూటలెత్తినవాడి గురించి ఒక్క అక్షరం లేదు.

కట్టినవాళ్లు, మోసినవాళ్లు

మన తూర్పు తీరంలో సహజమైన లోతు రేవులు తక్కువ. పెద్ద ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరు వేయాలి. మధ్యలో విరిగిపడే అలల్ని దాటించి సరుకునీ మనుషుల్నీ ఒడ్డు చేర్చాలి. మేకులు కొట్టిన గట్టి పడవైతే ఇసుకకి తగిలి పగిలిపోతుంది. అందుకే తాడుతో కుట్టిన మసూలా పడవ. అల కొడితే అది వంగుతుంది, పగలదు. దానికి తోడు తెప్ప. నాలుగు దుంగలు తాడుతో కట్టేస్తే తెప్ప, బోల్తా పడ్డా మునగదు, మళ్లీ ఎక్కి కూర్చోవచ్చు. ఈస్టిండియా కంపెనీ వర్తకమంతా, మద్రాసులో ఓడరేవు కట్టేదాకా, ఈ పడవలవాళ్ల రెక్కల మీదే నడిచింది. గవర్నరు దొర కూడా కుట్టుపడవ ఎక్కే ఒడ్డుకి రావాలి. ఈరోజు నౌకాదళం పండగ చేసుకుంటున్న కుట్టు విద్య మన జాలరి, వాడబలిజ, పల్లెకారు పాలేలలో మొన్నమొన్నటిదాకా బతికున్న విద్యే.

నర్సాపురం సంగతి చూడండి. 1669 నుంచి 1679 వరకు బంగాళాఖాతం చుట్టూ తిరిగిన థామస్ బౌరీ అనే ఇంగ్లీషు నావికుడు, ఓడలు కట్టడానికి ఇక్కడ మంచి కలప, మంచి ఇనుము, నేర్పున్న వడ్రంగులు, కమ్మర్లు ఉన్నారని రాశాడు. పక్కనే ఉన్న మాధవాయిపాలెం పేరు ఇంగ్లీషువాళ్ల నోట్లో 'మడపొల్లం' అయింది. అదే పేరుతో ఒక రకం బట్ట లండన్ బజారులో చెల్లింది. ఊరి పేరు బట్టకి మిగిలింది. నేసినవాళ్ల పేర్లు ఎక్కడా మిగల్లేదు.

నేత అనగానే దేవాంగులు, సాలీలు గుర్తొస్తారు. మాలలు కూడా నేతగాళ్లే. ముతక బట్ట నేయడం వాళ్ల వృత్తుల్లో ఒకటని బ్రిటిష్ కాలపు కులాల గ్రంథాలన్నీ రాశాయి. మచిలీపట్నం అద్దకానికి ఎర్రదనం ఇచ్చింది చిరివేరు. తీరపు ఇసుక నేలల్లో పెరిగే ఈ మొక్క వేళ్లని నేల తవ్వి ఏరాలి. పర్షియా దర్బారుల్లో పరిచిన పూలబట్టల వెనుక ఇసుకలో వంగి వేళ్లు ఏరిన చేతులున్నాయి.

ఇదే రేవులో 1618 నుంచి 1622 దాకా కంపెనీ వ్యాపారం చూసిన విలియం మెత్‌వోల్డ్ తన గోల్కొండ వివరణలో కులాల గురించీ రాశాడు. అన్నిటికంటే కింద ఊరి బయట విడిగా బతికేవాళ్లని చెప్పాడు. వాళ్లని ఎవరూ దగ్గరికి రానివ్వరని, చచ్చిన పశువుల తోలు తీసి చెప్పులు చేస్తారని రాశాడు. డచ్చి, పర్షియా, అరబ్బు, ఇంగ్లీషు వర్తకులు ఒకే వీధిలో తిరిగిన మహానగరం అది. ప్రపంచమంతా వచ్చి చేరిన ఊళ్లో కూడా వెలివాడ వెలివాడలాగే ఉంది. వర్తకం పెరిగితే కులం దానంతటదే కరిగిపోతుందనే మాట ఎవరైనా అంటే వాళ్లకి మెత్‌వోల్డ్‌ని చూపించండి.

ఓడలు బట్టలే కాదు, మనుషుల్నీ ఎగుమతి చేశాయి. పదిహేడో శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా డచ్చి కంపెనీ కోరమాండల్ తీరంలో బానిసల్ని కొని బటావియాకి, సింహళానికి పంపింది. 1659-61 కరువులో వేలమంది అలా వెళ్లారు. కరువులో ముందుగా బిడ్డల్ని అమ్ముకోవాల్సి వచ్చేది ఎవరో ఊహించడానికి పరిశోధన పట్టా అక్కర్లేదు. సముద్ర వారసత్వ మ్యూజియాల్లో ఈ ఓడల నమూనాలకి చోటుంటుందా అన్నది నా సందేహం.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మత్స్యకార కులాలు దళితులు కాదు. తీరంలో పాలెం వేరు, మాలపల్లె వేరు. రెంటి మధ్య అంటరానితనం ఉంది, ఇప్పటికీ ఉంది. 'సముద్ర వారసత్వమంతా బహుజనులదే' అని ఒక్క మాటలో తేల్చేస్తే ఈ గీత కనిపించకుండా పోతుంది. ఎవరి పని వాళ్ల పేరున రాయాలి, అంతే.

రంగం

మా నాయనమ్మకి రంగూన్ అంటే తెలీదు. రంగం అంటేనే తెలుసు. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో పాతతరం అంతా అదే మాట. 'రంగం పోయాడు' అంటే మనిషి అప్పుల్లోంచో, కామందు కింది నుంచో తప్పించుకున్నాడని అర్థం. తిరిగి రాలేదనే అర్థం కూడా అందులోనే ఉంది.

దళితులు సముద్రాన్ని పెద్ద సంఖ్యలో దాటిన కాలం ఇది. మొదట మారిషస్, తర్వాత నాటాల్. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్లిన 'ట్రూరో' అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో 342 మందిని దించింది. నాటాల్ వెళ్లిన ఒప్పంద కూలీల ఓడల జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి మనిషికీ ఒక నంబరు. పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, కులం. కంపెనీకి వాళ్లు లెక్క సరుకే, సందేహం లేదు. అయినా ఆ కాగితాల ముందు నేను చాలాసేపు కూర్చుండిపోయాను. ఊళ్లో కరణం లెక్కల్లో భూమి ఉన్నవాడికే పేరు. పాలేరుకి పేరెందుకు? మనవాళ్లలో ఎంతోమందికి తండ్రి పేరుతో సహా మొదటిసారి కాగితం మీద చోటిచ్చింది ఓడ జాబితా. అది పరాయి దేశానికి, చెరకు తోటకి తీసుకెళ్లిన కాగితమైనా సరే.

తెలుగువాళ్ల అసలు వలస బర్మాకి. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే, బాగుచేసే పెద్ద రేవు. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. రేవు పోయినా పేరు మిగిలింది. బర్మాలో తెలుగు కూలీలందర్నీ 'కోరంగీలు' అన్నారు, ఏ జిల్లావాళ్లయినా సరే. తర్వాత కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం నుంచి ఆవిరి ఓడలెక్కారు. మేస్త్రీ ముందస్తు ఇచ్చేవాడు, డెక్ మీద చోటు చూపించేవాడు, తర్వాత కూలిలోంచి కోసుకునేవాడు. రంగూన్ రేవులో ఓడలెక్కించి దించిన పని, బియ్యం మిల్లుల్లో బస్తాల పని, ఊరి పాకీ పని చాలావరకు తెలుగువాళ్లదే. ఈ వలస మీద పనిచేసిన చరిత్రకారుడు అడపా సత్యనారాయణ, వెళ్లినవాళ్లలో అణగారిన కులాలవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారని, వెట్టి నుంచి, కుల పీడన నుంచి తప్పించుకోవడం దీనికి ముఖ్యమైన కారణమని చూపించారు.

డెక్ టికెట్టుకి అంటు లేదు అనుకోకండి. వంట విడిగా చేసుకునేవాళ్లు, కూర్చునే చోటు చూసుకునేవాళ్లు. కానీ మూడు నాలుగు రోజుల ప్రయాణంలో, అల ఊపుకి అందరూ కక్కుకుంటూ పడుకున్న చోట మడి ఎంతసేపు నిలుస్తుంది? పైగా అవతలి ఒడ్డున కూలి రొక్కంగా వచ్చేది. గింజల కొలత కాదు, రూపాయి. రంగం డబ్బుతో మాలపల్లెలో పెంకుటిల్లు లేచింది, చొక్కా వచ్చింది, పిల్లాడు బడికెళ్లాడు. చొక్కా తొడుక్కుని వీధిలో నడిచినందుకు దెబ్బలు కూడా తిన్నారు. ఇవి నేను పల్లెల్లో పెద్దవాళ్ల నోట విన్నవి.

దానికి వెల కూడా ఉంది. 1930 మే నెలలో రంగూన్ రేవు తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. ఓడల కంపెనీలు బర్మా కూలీల్ని తెచ్చి సమ్మె విరిచే పని చేశాయి. తర్వాత రాజీ కుదిరి పాతవాళ్లని పనిలోకి పిలిచి కొత్తవాళ్లని పొమ్మనేసరికి, మే 26న కొట్లాట మొదలై ఊరంతా పాకింది. వందమందికి పైగా చచ్చిపోయారు. ఎక్కువమంది మనవాళ్లే. కూలీకి కూలీని ఎదురు నిలబెట్టి కంపెనీ పక్కకి తప్పుకున్న ఈ ఘటన మన కార్మికోద్యమ చరిత్రల్లో కూడా రెండు వాక్యాలకి మించి కనిపించదు. 1942లో జపాన్ బాంబుల కింద లక్షలమంది అడవుల్లోంచి కాలినడకన అస్సాం, మణిపూర్ వైపు బయల్దేరారు. దారిలో ఎంతమంది పోయారో సరైన లెక్క లేదు. మిగిలినవాళ్లలో చాలామందిని 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం సొమ్మంతా లాక్కుని పంపించేసింది. విశాఖపట్నం కంచరపాలెం వైపు వెళ్తే బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఒక పేట ఉంది. ఆ పేరు చరిత్ర సిటీ బస్సు కండక్టరుకి కూడా తెలీదు.

సముద్రం మీద పొట్టకూటి వలస ఆగిపోలేదు, దిక్కు మారింది. శ్రీకాకుళం తీరంలోని మత్స్యకారులు ప్రతి ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి మరబోట్ల మీద కూలికి వేటాడతారు. 2018 నవంబరులో పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని పట్టుబడ్డ ఉత్తరాంధ్ర మత్స్యకారులు ఇరవైమంది 2020 జనవరిలో గానీ ఇల్లు చేరలేదు. సొంత ఊళ్ల దగ్గర వేటకి చాలినంత వసతి ఉంటే అంత దూరం ఎందుకెళ్తారు? మూలపేట, మచిలీపట్నం, రామాయపట్నంలో కొత్త ఓడరేవులు కడుతున్నారు. గంగవరంలో ఓడరేవు వచ్చినప్పుడు తీరంలోని పల్లెలవాళ్లు వేటకి వెళ్లే ఒడ్డు పోగొట్టుకున్నారు. ఆ కంచెలకి అవతల సముద్ర వారసత్వం పేరిట ఉత్సవాలు జరుగుతాయి.

విద్యార్థి మిత్రులకి ఒక పని చెబుతాను. రంగం చూసివచ్చినవాళ్లు ఇంకా కొందరు ఉన్నారు. అప్పుడు చంటిపిల్లలైనవాళ్లకి కూడా ఇప్పుడు అరవై దాటాయి. ఈ సెలవుల్లో మీ తీరపు ఊళ్లకి, బర్మా క్యాంపుకి ఫోన్ రికార్డర్ పెట్టుకుని వెళ్లండి. దేశభక్తి గురించి అడగొద్దు. ఏ రేవులో ఎక్కారు, టికెట్టుకి డబ్బు ఎవరిచ్చారు, డెక్ మీద ఎవరి పక్కన పడుకున్నారు, అన్నం ఎవరితో కలిసి తిన్నారు, తిరిగొచ్చాక ఊళ్లో ఎవరు ఏ పేరుతో పిలిచారు అని అడగండి.